రెండో ప్రపంచ యుద్ధం టైంలో చైనా ఫైటర్ పైలట్ల జీవితం ఎలా ఉండేది?

మీరు అడిగింది ఇదీ: ఫ్లయింగ్ టైగర్స్ అనే అమెరికన్ల గురించి తప్ప చైనా వాళ్ళ సొంత ఫైటర్ పైలట్ల గురించి ఎక్కడా సరిగ్గా దొరకట్లేదు, అసలు వాళ్ళకంటూ ఒక ఎయిర్‌ఫోర్స్ ఉండేదా, ఆ కుర్రాళ్ళు రోజంతా ఏం చేసేవాళ్ళు, ఎన్నాళ్ళు బతికేవాళ్ళు, మన దేశంతో ఏమైనా లింకు ఉందా. మంచి ప్రశ్న అండి, నిజంగానే తెలుగులో దీని మీద పెద్దగా ఏమీ లేదు.

ముందే చెప్పేస్తున్నా, నేను పైలట్‌ని కాదు. మన ఎయిర్‌ఫోర్స్‌లో ఇంజన్ ఫిట్టర్‌గా చేసి రిటైరైనవాణ్ణి. సర్వీసులో కొన్నాళ్ళు అస్సాంలో చబువాలో ఉన్నా, అది యుద్ధం టైంలో హిమాలయాల మీదుగా చైనాకి సరుకు మోసిన విమానాలు ఎగిరిన ఫీల్డు. ఆ రన్‌వే చరిత్ర తవ్వుతూ పోతే అవతలి ఒడ్డున చైనాలోని కున్మింగ్ తగిలింది, అక్కణ్ణుంచి ఈ చైనా పైలట్ల కథల్లో పడ్డా, ఇంకా బయటికి రాలేదు. కాబట్టి నేను చెప్పేది కొంచెం స్పానర్ పట్టుకున్నోడి వైపు నుంచి ఉంటది.

సూటిగా జవాబు: ఎయిర్‌ఫోర్స్ ఉండేది, 1937 నుంచి 1945 దాకా ఎనిమిదేళ్ళు జపాన్‌తో కొట్లాడింది, అందులో మొదటి నాలుగేళ్ళు ఫ్లయింగ్ టైగర్స్ సీన్‌లోనే లేరు. పైలట్ జీవితం అంటే ఎక్కువ భాగం విమానం పక్కన కూర్చుని అలారం కోసం ఎదురుచూడటం, మిగతాది ఒక ఊరి ఫీల్డు నుంచి ఇంకో ఊరి ఫీల్డుకి వెనక్కి తగ్గుతూ పోవడం. యుద్ధం మొదలైనప్పుడు ఉన్న పేరున్న పైలట్లలో చాలామంది ఏడాది తిరక్కుండానే పోయారు. పైలట్లకి ధైర్యం ఎప్పుడూ తక్కువ కాలేదు, తక్కువైంది విమానాలు, పెట్రోలు. వాళ్ళ తిండి, నిద్ర, పెళ్ళి, చావు అన్నీ ఆ రెండింటి లెక్క మీదే నడిచాయి. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకుంటే మిగతాదంతా అర్థమైపోద్ది.

ఇప్పుడు వివరంగా.

వీళ్ళు ఎక్కణ్ణుంచి వచ్చారంటే, మెయిన్ స్కూలు హాంగ్జౌ దగ్గర జియెన్‌చియావో అనే చోట, 1932లో మొదలెట్టారు. జౌవెట్ అనే అమెరికన్ రిటైర్డ్ ఆఫీసర్ టీం వచ్చి అమెరికా సిలబస్‌తో నేర్పింది, సరిగ్గా ఎగరలేనోణ్ణి మొహమాటం లేకుండా ఇంటికి పంపించేసేవాళ్ళు. దాంతో పెద్దింటి పిల్లలు ఫెయిలయ్యి అమ్మానాన్నలు పైదాకా వెళ్ళి గొడవ చేసేవాళ్ళంట. ఇంకోవైపు లుయోయాంగ్‌లో ఇటాలియన్లు నడిపిన స్కూలు ఉండేది, అక్కడ ట్రైనింగ్ అయ్యేదాకా ప్రాణాలతో ఉంటే చాలు, రెక్కల బ్యాడ్జి ఇచ్చేసేవాళ్ళని షెనాల్ట్ (తర్వాత ఫ్లయింగ్ టైగర్స్ పెట్టింది ఈయనే, 1937లోనే చైనా వచ్చాడు) తిట్టుకుంటూ రాసుకున్నాడు. యుద్ధం మొదలయ్యాక ఆ తేడా ఫీల్డులో కనపడింది, పాపం.

చేరినవాళ్ళు మామూలు వాళ్ళు కాదు. చింగ్‌హువా లాంటి పెద్ద యూనివర్సిటీ చదువు అయినవాళ్ళు, 1931లో జపాన్ మంచూరియా లాక్కుంటే ఊరూ ఇల్లూ పోగొట్టుకుని వచ్చిన ఈశాన్యం కుర్రాళ్ళు, అమెరికాలో పుట్టి అక్కడే విమానం నేర్చుకుని తాతల దేశం కోసం ఓడెక్కి వచ్చిన కాంటనీస్ (దక్షిణ చైనా మూలాల) పిల్లలు. స్కూల్లో రాతి మీద చెక్కిన నినాదం ఒకటి ఉండేది, మా దేహాలు, మా విమానాలు, మా బాంబులు శత్రువు యుద్ధనౌకలతో స్థావరాలతో కలిసే నాశనం కావాలి అని దాని అర్థం. ఇరవై ఏళ్ళ కుర్రాడు రోజూ పొద్దున్నే అది చూసుకుంటూ క్లాసుకి పోతున్నాడన్నమాట.

ఇక లెక్క చూడండి. 1937 జులైలో యుద్ధం మొదలైనప్పుడు చైనా దగ్గర పనికొచ్చే యుద్ధ విమానాలు సుమారు 300. అన్నీ కొన్నవే, లేదంటే విడిభాగాలు తెప్పించి బిగించుకున్నవే, ఇంజన్ చేసుకునే ఫ్యాక్టరీ లేదు. జపాన్ సొంతంగా తయారుచేసుకునేది. ఇవతల ఒకటి కూలితే ఒకటి తగ్గిపోయినట్టే, అవతల ఒకటి కూలితే వచ్చే నెల ఇంకోటి వస్తది.

ఆగస్టు 14, 1937. చైనా పైలట్ల కథ ఎక్కడ చదివినా ఈ తేదీతోనే మొదలౌద్ది, తర్వాత దీన్నే వాళ్ళ ఎయిర్‌ఫోర్స్ డేగా పెట్టుకున్నారు, తైవాన్‌లో ఇప్పటికీ అదే రోజు. ఆ రోజు, అప్పట్లో జపాన్ చేతిలో ఉన్న తైవాన్ నుంచి జపాన్ నేవీ బాంబర్లు సముద్రం దాటి హాంగ్జౌ మీదకి వచ్చాయి. గావో జిహాంగ్ అనే ఆయన, ఫ్రాన్స్‌లో ట్రైనింగ్ అయిన మంచూరియా మనిషి, నాలుగో గ్రూప్ కమాండర్. ఆయన గ్రూపు హాక్ త్రీ అనే, ఒకదాని మీద ఒకటి రెండు వరసల రెక్కలున్న అమెరికన్ విమానాల్లో వానలో అప్పుడే జియెన్‌చియావోలో దిగుతోంది, ట్యాంకుల్లో పెట్రోలు అడుగంటింది, ఇంతలో అలారం. కొంతమంది పెట్రోలు పోసుకోకుండానే మళ్ళీ లేచారు. గావో మొదటి బాంబర్‌ని కూల్చాడు. చైనా చెప్పే స్కోరు ఆరు-సున్నా, జపాన్ రికార్డుల్లో అంతకంటే తక్కువే ఉంటది, కానీ ఎస్కార్ట్ లేకుండా వచ్చిన బాంబర్లకి గట్టి దెబ్బ తగిలిన మాట మాత్రం రెండు వైపులా ఒప్పుకుంటారు. చైనా వైపు ఒక పైలట్ చనిపోయాడు, ఎలాగంటే గాల్లో పెట్రోలు అయిపోయి. మొదటి రోజే చూడండి, తూటా కంటే ముందు ట్యాంకు చంపింది.

అదే రోజు ఇంకోటి జరిగింది, పండగ చేసుకునేవాళ్ళు దీని గురించి మాట్లాడరు. షాంఘైలో నదిలో ఉన్న ఇజుమో అనే జపాన్ యుద్ధనౌక మీద వెయ్యడానికి వెళ్ళిన చైనా బాంబర్ల బాంబులు ఊళ్ళో, సొంత జనం కిక్కిరిసి ఉన్న వీధుల్లో పడ్డాయి. నాన్‌కింగ్ రోడ్డు దగ్గర, గ్రేట్ వరల్డ్ సెంటర్ దగ్గర వెయ్యిమందికి పైగా పోయారు, అందులో చాలామంది యుద్ధానికి భయపడి ఆ ఏరియాకి పారిపోయి వచ్చిన బీదవాళ్ళే. షెనాల్ట్ చెప్పిన కారణం ఏంటంటే వాళ్ళు ప్రాక్టీసు చేసింది ఏడున్నర వేల అడుగుల నుంచి, ఆ రోజు మేఘాలు కిందకి ఉండేసరికి పదిహేను వందల అడుగులకి దిగారు గానీ బాంబు గురి చూసే సైటు సెట్టింగు మార్చలేదు అని. ఆ కుర్రాళ్ళు సాయంత్రం మెస్‌లో ఎలా కూర్చున్నారో నాకు ఊహకి కూడా అందదు. ఒకే ఎయిర్‌ఫోర్స్, ఒకే రోజు, ఒకచోట పూలదండలు, ఇంకోచోట శవాలు.

ఇప్పుడు మీరడిగిన "రోజంతా ఏం చేసేవాళ్ళు".

తెల్లారకముందే విమానం దగ్గరికి వెళ్ళాలి. మేము సర్వీసులో ఉన్నప్పుడు కూడా రెడీనెస్ డ్యూటీ అంటే పైలట్ గేర్ వేసుకుని రన్‌వే చివర కూర్చునేవాడు, మేము ట్రాలీ యాక్యుములేటర్ (ఇంజన్ స్టార్ట్ చేసే బ్యాటరీ బండి) తగిలించి ఉంచేవాళ్ళం. బయటివాళ్ళకి అది రెస్టులా కనపడుద్ది, నిజానికి అంత అలసట ఇంకెందులోనూ ఉండదు, చెవి ఎప్పుడూ టెలిఫోన్ మీదే ఉంటది కాబట్టి. మాకు రేడార్ చెప్పేది, అక్కడ రేడార్ లేదు. బదులుగా ఊరూరా మనుషుల్ని పెట్టారు, కొండ మీద ఒకడు విమానం మోత వినపడగానే టెలిఫోన్లోనో చిన్న రేడియోలోనో చెప్తే అది సెంటర్‌కి వెళ్ళి మ్యాపు మీద గుర్తులు పెట్టేవాళ్ళు. యుద్ధం టైంలో రాజధాని అయిన చుంగ్‌చింగ్‌లో జనానికి తెలియడానికి గుట్టల మీద స్తంభాలకి ఎర్ర బంతులు ఎత్తేవాళ్ళు, ఒకటి ఎత్తితే బయల్దేరారు అని, రెండోది ఎత్తితే దగ్గరకొచ్చారు, సొరంగంలోకి పోండి అని. పైలట్‌కి మాత్రం ఆ మొదటి బంతికీ రెండో బంతికీ మధ్య ఉన్న టైమే జీవితం. ఆ లోపు ఎత్తుకి చేరితే పోరాటం, చేరకపోతే చావు.

ఎత్తుకి చేరడం అంత ఈజీ కాదు. 1937 చివర్నుంచి సోవియట్ యూనియన్ విమానాలు ఇచ్చింది, పైలట్లని కూడా పంపింది (రెండు వందల మందికి పైగా రష్యన్ వైమానికులు చైనాలో చనిపోయారు, ఇదీ ఎవరూ చెప్పుకోరు). అందులో ఐ-16 అని ఒక పొట్టి విమానం. దాంట్లో చక్రాలు లోపలికి మడవాలంటే పైలట్ చేత్తో హ్యాండిల్ తిప్పాలి, నలభై నాలుగు చుట్లు. హ్యాండిల్ కుడివైపు ఉంటది, అంటే స్టిక్ ఎడమ చేతికి మార్చుకుని కుడి చేత్తో గిరగిరా తిప్పుతుంటే విమానం పైకీ కిందకీ ఊగుతూ పోయేది. పక్కనే బాంబులు పడుతుంటే టేకాఫ్ తీసుకుని ఈ తిప్పుడు పని చేసుకోవాలి. కాక్‌పిట్‌కి హీటింగ్ లేదు, చాలా వాటికి పైకప్పు కూడా లేదు, శీతాకాలం ఎత్తులో ముక్కు వేళ్ళు కొయ్యబారేవి.

గావో జిహాంగ్ చావు ఈ ఐ-16తోనే ముడిపడి ఉంది, ఫిట్టర్‌గా నన్ను ఎక్కువ కదిలించేది అదే. 1937 నవంబర్. సోవియట్ విమానాలు తీసుకోడానికి వాయవ్యంలో లాన్‌జౌ వెళ్ళాడు, తీసుకుని నాన్జింగ్ వైపు వస్తూ హెనాన్‌లో జౌజియాకౌ అనే ఫీల్డులో ఆగాడు. వార్నింగ్ ఆలస్యంగా వచ్చింది, బాంబర్లు నెత్తి మీదకొచ్చేశాయి. ఈయన పరుగెత్తి కాక్‌పిట్‌లో కూర్చున్నాడు, ఇంజన్ స్టార్ట్ కాలేదు. మళ్ళీ ట్రై చేశారు, కాలేదు. దిగి దాక్కోమన్నా దిగలేదు, బాంబు పడి కాక్‌పిట్‌లోనే పోయాడు, ముప్పై ఏళ్ళు. చలికాలం రేడియల్ ఇంజన్ అంటే పాత డీజిల్ జీపు కంటే మొండిది, ఆయిల్ చిక్కబడి పిస్టన్లని కదలనివ్వదు, పొద్దున్నే లేచి ఆయిల్ వేడి చేసి పొయ్యాలి, గుడ్డలు కప్పి వెచ్చగా ఉంచాలి. దానికి మనుషులు, టైము, పెట్రోలు కావాలి. అప్పుడే చేతికొచ్చిన కొత్త రకం విమానం, కొత్త మెకానిక్కులు, దారి మధ్యలో ఒక ఫీల్డు. ఎవర్నని ఏం లాభం.

ఆ కాలంలో జనం నలుగురు పైలట్లని కలిపి చెప్పుకునేవాళ్ళు, గావో, లియు ట్సుయ్‌గాంగ్, యుయె యిచిన్, లి గుయ్‌దాన్. లియు అక్టోబర్ 1937లో షాన్‌షీ వెళ్తూ రాత్రిపూట దారి తప్పి, పెట్రోలు అయిపోయి, ఒక ఊళ్ళో బురుజుకి గుద్దుకుని పోయాడు. యుయె డిసెంబర్‌లో నాన్జింగ్ మీద. లి 1938 ఫిబ్రవరిలో వుహాన్ మీద. మొత్తం నలుగురూ ఏడు నెలల్లో. ఇంతకుముందు ఏడాది తిరక్కుండానే అన్నానే, అది మాటవరసకి అన్నది కాదు.

విమానాల కొరత ఎంత అంటే ఒక్క కథ చాలు. ఆర్థర్ చిన్, అమెరికాలో పోర్ట్‌లాండ్‌లో పుట్టినవాడు, 1933లో వచ్చి దక్షిణ చైనాలోని కాంటన్ రాష్ట్రం ఎయిర్‌ఫోర్స్‌లో చేరాడు. 1938లో ఒక పోరాటంలో జపాన్ విమానాన్ని తన విమానంతోనే గుద్ది పారాచూట్‌తో దిగాడు, తర్వాత శకలాల్లోంచి మెషిన్‌గన్ ఒకటి ఊడదీసుకుని వచ్చి, దీనికి ఇంకో విమానం ఇప్పిస్తారా సార్ అని షెనాల్ట్‌ని అడిగాడంట. నవ్వొచ్చే కథే. కానీ 1939 డిసెంబర్‌లో కున్‌లున్ కనుమ దగ్గర ఆయన విమానం ట్యాంకు అంటుకుంది, ఒళ్ళంతా కాలిపోయింది. ఇంటి దగ్గర మంచంలో కదల్లేని స్థితిలో ఉండగా ఎయిర్‌రెయిడ్ వస్తే భార్య ఆయన మీద అడ్డంగా పడి తను చనిపోయింది. ఏళ్ళ తరబడి ఆపరేషన్లు అయ్యాక ఆయన మళ్ళీ వచ్చి 1945లో హిమాలయాల మీదుగా సరుకు విమానం నడిపాడు. నాకైతే అర్థం కాదు, ఏ మట్టితో చేశారో ఈ మనుషుల్ని.

కుటుంబాల సంగతి. మిగతా సైన్యంతో పోలిస్తే పైలట్లకి జీతం, తిండి మెరుగు, ఊళ్ళో పరపతి ఉండేది, యూనిఫాంలో వెళ్తే అమ్మాయిలు తిరిగి చూసేవాళ్ళు. కానీ పిల్లనిచ్చేవాళ్ళకి తెలుసు అల్లుడు ఎన్నాళ్ళుంటాడో. చాలామందికి అమ్మానాన్నలు జపాన్ ఆక్రమించిన ఊళ్ళలో ఉండిపోయారు, ఉత్తరాలు కూడా పోవు. ఇక్కడ ఒక్క కుటుంబం గురించి చెప్పాలి, లిన్ హుయ్‌యిన్, ల్యాంగ్ సిచెంగ్ అని చైనాలో పేరున్న ఆర్కిటెక్ట్ దంపతులు. 1937 చివర్లో వీళ్ళు పిల్లల్ని తీసుకుని కున్మింగ్ వైపు పారిపోతూ హునాన్‌లో ఒక చిన్న ఊళ్ళో చిక్కుకుపోయారు, ఆమెకి న్యుమోనియా, వాన, ఏ సత్రంలోనూ చోటు లేదు. ఒక సత్రంలోంచి వయొలిన్ వినపడింది. ఇంత బాగా వాయించేవాడు చదువుకున్నవాడై ఉంటాడని ల్యాంగ్ తలుపు తట్టాడు. లోపల ఎనిమిది మంది ఫ్లయింగ్ క్యాడెట్లు, వాళ్ళూ కున్మింగ్‌కే. గది ఖాళీ చేసి ఇచ్చారు. తర్వాత కున్మింగ్‌లో వీళ్ళ ఇల్లే ఆ పిల్లలకి ఇల్లయింది. గ్రాడ్యుయేషన్ రోజు రావడానికి అమ్మానాన్నలు ఎవరూ లేరు కాబట్టి ఈ దంపతులే అందరికీ పెద్దలుగా వెళ్ళి కూర్చున్నారు.

ఆ తర్వాత ఒక్కొక్కళ్ళ వస్తువులు ఈ ఇంటికి పోస్టులో రావడం మొదలైంది. దగ్గరి బంధువు కాలమ్‌లో ఇదే అడ్రస్ ఉండేది మరి. డైరీ, ఫోటోలు, ఉత్తరాలు ఉన్న చిన్న పొట్లం. ఒకటి, రెండు, మూడు. ఆఖరివాడు లిన్ యావో 1944లో హెంగ్‌యాంగ్ దగ్గర పోయాడు, ఎనిమిది మందిలో ఒక్కడు కూడా యుద్ధం చివర చూడలేదు. మధ్యలో 1941 మార్చిలో లిన్ హుయ్‌యిన్ తమ్ముడు లిన్ హెంగ్, వాడూ ఫైటర్ పైలటే, చెంగ్‌డు మీద పోయాడు. ల్యాంగ్ ఒక్కడే వెళ్ళి అంత్యక్రియలు చేయించి, మంచాన ఉన్న భార్యకి చాలాకాలం చెప్పలేదు. ఆమె తమ్ముడి మీద కవిత రాయడానికి మూడేళ్ళు పట్టింది.

అవతలి వాళ్ళ మీద ద్వేషం ఉండేదా అని కొందరు అడుగుతుంటారు. ఉండేది, ఎందుకుండదు, 1939 మే 3, 4 తేదీల్లో రెండే రోజుల్లో చుంగ్‌చింగ్‌లో నాలుగు వేలకు పైగా జనం బాంబులకి పోయారు. కానీ ఇదీ వినండి. 1938 ఏప్రిల్ 29న వుహాన్ మీద చెన్ హువాయ్‌మిన్ అనే కుర్రాడు, విమానం బాగా దెబ్బతిన్నాక దూకకుండా జపాన్ ఫైటర్‌ని గుద్దేశాడు అని చైనా రికార్డు. ఆ జపాన్ పైలట్ పేరు తకహాషి, శకలాల్లో భార్య మియెకో ఫోటో, ఆమె ఉత్తరం దొరికాయి. చెన్ చెల్లెలు ఆ మియెకోకి బహిరంగ లేఖ రాసింది, నాకు అన్న పోయాడు, నీకు భర్త పోయాడు, నీ మీద నాకు కోపం లేదు, యుద్ధం చేయించినవాళ్ళ మీదే అన్న సారాంశంతో. అప్పట్లో పేపర్లలో వేశారు. ప్రచారం కోసం కూడా వాడుకున్నారు, అది వేరే సంగతి, కానీ ఆ అమ్మాయి రాసింది నిజంగానే రాసింది.

అన్నిటికంటే గడ్డు కాలం 1940 సెప్టెంబర్ తర్వాత. చాలామంది గాల్లో చావడమే కష్టం అనుకుంటారు. నా లెక్కలో అంతకంటే కష్టం పోరాడొద్దని ఆర్డర్ రావడం. సెప్టెంబర్ 13న చుంగ్‌చింగ్ పక్కన బిషాన్ మీద జపాన్ జీరో ఫైటర్ మొదటిసారి పోరాటంలోకి దిగింది. ముందు బాంబర్లు వచ్చి వెళ్ళిపోయాయి, చైనా వాళ్ళు హమ్మయ్య అనుకుని దిగడానికి వస్తుంటే, పోయినట్టు నటించిన 13 జీరోలు వెనక్కి తిరిగాయి. ఇవతల సుమారు 34, అన్నీ ఐ-15, ఐ-16 పాతవి, పెట్రోలు సగం ఖర్చయి ఉన్నవి. ఐ-15 గంటకి 370 కిలోమీటర్లు పోతే గొప్ప, జీరో 500 దాటుద్ది, దానికి రెండు 20 మిల్లీమీటర్ల ఫిరంగులు. అర గంటలో చైనావి 13 కూలిపోయాయి, 11 దెబ్బతిన్నాయి, 10 మంది పైలట్లు చనిపోయారు. జీరో ఒక్కటి కూడా కూలలేదు.

ఆ తర్వాత మిగిలిన విమానాల్ని కాపాడుకోవడమే పనైంది. అలారం వస్తే లేచి పోరాడటానికి కాదు, దూరంగా ఇంకో ఫీల్డుకి ఎగిరి దాక్కోడానికి. కింద జనం సొరంగాల్లోకి పరుగెత్తుతూ పైకి చూస్తే తమ విమానాలే పారిపోతూ కనపడేవి. ఎంత మంది ఎన్ని మాటలు అని ఉంటారో ఆలోచించండి. అప్పటికే చైనాకి బయటి సరుకు వచ్చే బర్మా రోడ్డు 1940లో బ్రిటిష్ వాళ్ళు మూడు నెలలు మూసేశారు, పెట్రోలు చుక్క చుక్క లెక్క, కొత్త కుర్రాళ్ళకి ప్రాక్టీసుకి కూడా గంటలు ఇవ్వలేని పరిస్థితి. ఆ ఏడాదిన్నర ఆ పైలట్లు పిచ్చెక్కకుండా ఎలా ఉన్నారో నాకు అదే పెద్ద వీరత్వం అనిపిస్తది, చాలామంది ఒప్పుకోరు గానీ.

ఫ్లయింగ్ టైగర్స్ మొదటి పోరాటం కున్మింగ్ మీద 1941 డిసెంబర్ 20న, గ్రూపు రద్దయింది 1942 జులై 4న. వాళ్ళ గొప్పతనం తగ్గించట్లేదు, ఏడు నెలల్లో అద్భుతం చేశారు. కానీ వాళ్ళకి దారి చూపించిన ఆ టెలిఫోన్ నెట్‌వర్కు, రాతి రోలర్లు తాళ్ళతో లాగి ఫీల్డులు చదును చేసిన లక్షల మంది రైతులు, అంతకుముందు నాలుగేళ్ళు ఆకాశాన్ని ఖాళీగా వదలని చైనా కుర్రాళ్ళు, ఇవి పోస్టర్లలో ఉండవు.

ఇక మన దేశం లింకు. చాలా ఉంది, అప్పటి బ్రిటిష్ ఇండియా కాబట్టి కరాచీ, లాహోర్ కూడా కలిపి చెప్తున్నా. బర్మా జపాన్ చేతికి పోయాక చైనాలో ట్రైనింగ్‌కి పెట్రోలు లేదు, అందుకే కొత్త క్యాడెట్లని హిమాలయాల మీదుగా ఇటు తెచ్చి లాహోర్‌లో మొదటి పాఠాలు చెప్పేవాళ్ళు, తర్వాత బొంబాయిలో ఓడెక్కించి అమెరికాలో ఆరిజోనాకి పంపేవాళ్ళు. 1943లో అమెరికన్లూ చైనీయులూ కలిసి ఒక వింగ్ పెట్టారు, ప్రతి కమాండ్ పోస్టుకీ ఇద్దరు, ఒకడు అమెరికన్ ఒకడు చైనీస్, దాని ట్రైనింగ్ కరాచీ దగ్గర మాలిర్‌లో. వీళ్ళే అమెరికన్ ఫైటర్లు పీ-40లు, తర్వాత పీ-51లతో 1944-45లో గాల్లో లెక్క తిరగేశారు.

కానీ నాకు ముందు గుర్తొచ్చేది జెంగ్ షావోయు. బిషాన్ మీద ఆ రోజు చైనా విమానాల్ని నడిపించింది ఈయనే, గాయపడి బతికి బయటపడ్డాడు. 1942లో అమెరికా ఇచ్చిన పీ-43 విమానాలు తీసుకెళ్ళడానికి కరాచీ వచ్చాడు. ఆ పీ-43కి పెద్ద జబ్బు ఒకటి, రెక్కలోనే ట్యాంకు, అతుకుల దగ్గర సీలింగ్ సరిగ్గా లేక పెట్రోలు కారేది. ఇంటిగ్రల్ ట్యాంకు లీకు ఎంత తలనొప్పో మా ట్రేడ్ వాళ్ళకి తెలుసు, ఒక చోట మూస్తే ఇంకో చోట చెమ్మ కనపడుద్ది, వాసన తెలిసేలోపే నిప్పు పక్కనే ఉంటది. ఏప్రిల్‌లో ఆయన విమానం గాల్లో అంటుకుంది, పోయాడు. జీరోలకి దొరకని మనిషి, కొత్త విమానం చేతికొచ్చిన సంతోషంలో, ఒక లీకుకి.

జాగ్రత్తలు రెండు చెప్తా. ఒకటి, ఎవరు ఎన్ని కూల్చారు అనే లెక్కలు ఏ వైపువైనా సగానికి తగ్గించి చదవండి, గాల్లో అందరూ ఎక్కువే చూస్తారు, అబద్ధం అని కాదు. రెండు, మీరు వెతికేటప్పుడు కొరియా యుద్ధం వస్తది, 1951 నుంచి మిగ్-15 నడిపిన చైనా పైలట్లు, అది వేరే ఎయిర్‌ఫోర్స్, కమ్యూనిస్టులది, ఈ కథలో కలిపేయకండి. వీళ్ళల్లో బతికినవాళ్ళు ఎక్కువమంది 1949లో తైవాన్ వెళ్ళిపోయారు. మెయిన్‌లాండ్‌లో ఉండిపోయిన వాళ్ళు కమ్యూనిస్టుల చేతిలో ఓడిన పాత చైనా నాయకుడు చియాంగ్ కై-షేక్ మనుషులని ముద్రపడి చాలా ఏళ్ళు నోరెత్తలేదు, వీళ్ళ పేర్లు మళ్ళీ గౌరవంగా వినపడింది 1980ల తర్వాతే. నాన్జింగ్‌లో పర్పుల్ మౌంటెన్ కింద వైమానికుల స్మారకం ఉంది, చైనా, రష్యా, అమెరికా వాళ్ళ పేర్లు వేలల్లో చెక్కి ఉంటాయి, ఎప్పుడైనా అటు వెళ్తే చూడండి.

ఏదైనా ప్రత్యేకంగా ఒక విమానం గురించో, ఒక పోరాటం గురించో కావాలంటే కింద అడగండి. ఐ-16 గురించైతే మాత్రం మీకు ఓపిక ఉన్నంతసేపు రాస్తా.